డిసెంబర్ పన్నెండు దాకా

సెప్టెంబర్ 12, శుక్రవారం. కోరుట్ల

గీత పోయి ఈ రోజుతో నలభై ఒక్క దినాలు. ఆమె చెప్పిన పని చేసిన.

ఆమె పేరు మీద బ్యాంకుల కట్టిన బీమా రెండు లక్షలు మొన్న పడ్డయి. అందులకెల్లి లక్షా నలభై వేలు సర్వర్ బీ ఖాతాకు పంపిన. మేం తీసుకున్నవి సర్వర్ బీ ముప్పై ఏండ్లు బీడీలు చుట్టిన పీఎఫ్ పైసలు. గీతను మూడోసారి హైదరాబాద్ దవాఖానకు తీసుకపోయేనాడు పక్కింటికెల్లి వచ్చి మంచం మీద పెట్టింది. కాయితం అడగలేదు. మిత్తి మాట తీయలేదు.

గీత చివరికి స్పష్టంగ మాట్లాడింది ఒకటే మాట. "ముందు సర్వర్ బీది."

మిగతావి పద్నాలుగు లక్షలు. బ్యాంకు ఆరు, సొసైటీ నాలుగు, పరశురాములు మూడు, చిట్టీ ఒకటి. వాటి సంగతి తర్వాత.

రసీదు నేనే టైపు చేసిన. ఇరవై రెండేండ్ల నుంచి జగిత్యాల కోర్టు ముందర కూసొని మంది కాయితాలు కొడుతున్న, నా కాయితం చక్కగ ఉండాలె కద. స్టాంపు కాయితం మీద కొట్టిన. "నాకు ఇతర అప్పులు ఉన్నప్పటికీ, వాటిని తీర్చే స్తోమత ప్రస్తుతం లేనప్పటికీ, నా భార్య కోరిక మేరకు అందరికంటే ముందుగా మీ బాకీ పూర్తిగా చెల్లిస్తున్నాను." వాక్యం బాగ కుదిరింది. సర్వర్ బీకి తెలుగు చదవరాదు. చదివి వినిపించిన. కండ్లు తుడుచుకుంట మడత పెట్టుకున్నది.

ఇయాల నిద్ర వచ్చేటట్టున్నది.


సెప్టెంబర్ 16, మంగళవారం

ఫ్రిజ్ కిస్తు వాళ్ల ఫోన్. ప్రతి మంగళవారం ఒకే అమ్మాయి. "గీత గారితో మాట్లాడవచ్చా?" ఫ్రిజ్ గీత పేరు మీద తీసుకున్నది. ఇంట్ల లేదు అన్న.


సెప్టెంబర్ 23, మంగళవారం

ఇంట్ల లేదు అన్న.

పొద్దుగాల పరశురాములు జగిత్యాలకే వచ్చిండు. కోర్టు ముందర నా టేబుల్ పక్కన స్టూలు గుంజుకొని పదకొండు నుంచి ఒంటిగంట దాకా కూసున్నడు. రెండు లక్షలు ఇచ్చిండు, మూడు రూపాయల మిత్తి, ఇప్పటికి మూడు లక్షలు. అరవలేదు. తిట్టలేదు. నా దగ్గరికి వచ్చినోళ్లందరినీ పలకరించిండు.

"మీ పనేంది పెద్దమనిషీ? భూమి కేసా? మంచిగ కొట్టిచ్చుకో. మా టైపు సారుకు పైసలు బాగ అవుసరమున్నయి."

ముగ్గురు పక్క టైపు సెంటరుకు పోయిండ్రు.


సెప్టెంబర్ 30

సద్దుల బతుకమ్మ. మా గల్లీల పాటలు. తలుపు వేసుకొని పడుకున్న.


అక్టోబర్ 8, బుధవారం. జగిత్యాల

బ్యాంకు నుంచి కోర్టు నోటీసు వచ్చింది. ఇగ దివాళా పిటిషన్ తప్ప లాభం లేదని కరుణాకర్ వకీలు దగ్గరికి పోయిన. ఆయన కాయితాలు ఎన్నో కొట్టిన నేను. ఆయన కుర్చీకి ఇవతల ఎప్పుడూ కూసోలేదు.

"ఐపీ పెడుదామనుకుంటున్న సార్" అన్న. ఆయనకు వినపడలేదు. మళ్ల చెప్పవలసి వచ్చింది.

ఆయన నవ్వలేదు. ఛాయ్ తెప్పించిండు. నాకు అర్థం కావాలని నిమ్మళంగ చెప్పిండు. మరిచిపోకుండ రాసుకుంటున్న.

"మందికి తెలిసిన ఐపీ ఒకటున్నది. రాత్రికి రాత్రి భీవండో దుబాయో పోవుడు. అది ఐపీ కాదు, పారిపోవుడు. కోర్టుల రెండే రకాలు. ఒకటి, నాతోని కాదని నీ అంతట నువ్వు పెట్టుకునేది. రెండోది, ఇచ్చినోడు నీ మీద పెట్టేది. రెండూ పందొమ్మిది వందల ఇరవైల తెల్లోడు చేసిన చట్టమే. అయిదు వందల అప్పుంటె చాలు పెట్టచ్చు. ఇయ్యాల్రేపు ఛాయ్ హోటల్ ఖాతే అంతుంటది."

"కొత్త చట్టం వచ్చిందంటరు కద సార్?"

"వచ్చింది. కంపెనీలకు వచ్చింది. కంపెనీలకు జమానతు పడ్డ మోతుబర్లకు వచ్చింది. నీ అసొంటి నా అసొంటి మనుషుల భాగం చట్టం పుస్తకంల ఉన్నది గని ఇంక అమలుకు రాలె. కోరుట్ల బస్సు ఎక్కలేదనుకో."

పిటిషన్ ఒప్పుకుంటే కోర్టు రిసీవర్ వస్తడు. ఉన్నవన్నీ ఆయన చేతికి పోతయి. అమ్మి అందరికీ ఎవరి అప్పును బట్టి వాళ్లకు సమానంగ పంచుతడు. పొయ్యి మీది గిన్నెలు, కట్టుబట్టలు, పని ముట్లు ముట్టడు. జైలుకు పంపకుండ కోర్టు అడ్డముంటది. కొన్నేండ్లకు విడుదల ఇస్తది. ఆ తర్వాత ఎవరూ అడగరాదు.

ఎంత తేలిక అనిపించింది. ఆ మాట రాయడానికి సిగ్గుగ ఉంది.

లేచే ముందు అడిగిండు. "ఈ మధ్య ఎవలికన్న పెద్ద మొత్తం కట్టినవా?"

లేదు అన్న.


అక్టోబర్ 9

ఎందుకు లేదన్ననో తెలియదు. అడిగిన తీరు అట్లున్నది.


అక్టోబర్ 10, శుక్రవారం

సెంటరుల కంప్యూటర్ తెరిచి పాత ఐపీలు తీసిన. ఇరవై రెండేండ్లల నూట పద్దెనిమిది కొట్టిన. మరమగ్గాల ఆసాములవి, రైతులవి, ఒక లాడ్జి అతనిది. తప్పు లేకుండ కొట్టిన. ఒక్కటీ చదవలేదు. వేళ్లు చదివినయి, నేను చదవలేదు.

ఇయాల చదివిన. ఒక దాంట్ల రిసీవర్ వేసిన అర్జీ ఉన్నది. అప్పులు తీర్చలేని స్థితిల ఉన్న మనిషి, ఒక్కరికి మాత్రం మేలు చేయాలని ముందుగ కడితే, ఆ కట్టిన మూడు నెలల లోపల ఐపీ పడితే, ఆ చెల్లింపు మోసం కింద లెక్క. చెల్లదు. తీసుకున్నోళ్ల దగ్గర నుంచి రిసీవర్ వాపసు తీసుకుంటడు.

ఆ కేసుల తీసుకున్న మనిషి కిరాణం నడిపే ఒక ముసలామె. ఆ అర్జీ కొట్టిన రోజు నాకు గుర్తే లేదు.


అక్టోబర్ 13, సోమవారం

వకీలుకు నిజం చెప్పిన. రసీదు నకలు చూపించిన. చదివి కండ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టిండు.

"ఎవలు కొట్టిండ్రు ఇది?"

"నేనే సార్."

"నా పదిహేడేండ్ల ప్రాక్టీసుల గింత మంచి సాక్ష్యం సూడలె. ఇతర అప్పులున్నయని రాసినవ్. తీర్చే స్తోమత లేదని రాసినవ్. అందరికంటె ముందని రాసినవ్. నీ మీద కేసు పెట్టేటోడు గింత సక్కగ రాయించుకోలేడు."

ఆమెకు ఇచ్చింది వాపసు పోకుండ ఉండాలంటే డిసెంబర్ పన్నెండు దాటాలె. అప్పటిదాకా నేను ఐపీ పెట్టరాదు. ఇంకెవరూ నా మీద పెట్టరాదు.

వాళ్లు పెట్టాలంటే నేను ఒక తప్పు చేసి ఉండాలె. ఒకరికే కట్టుడు అనే తప్పు ఆల్రెడీ చేసిన. ఆ సంగతి వాళ్లకు తెలియదు. మిగతా తప్పులు కొత్తగ చేయరాదు. వకీలు వేళ్ల మీద లెక్క పెట్టిండు. ఇల్లు విడిచి కనపడకుండ పోరాదు. తలుపేసుకొని దాక్కోరాదు. ఫోన్ ఎత్తకుండ ఉండరాదు. అన్నిటికంటే ముఖ్యం, ఇయ్యలేను అనే మాట నోటికెల్లి రారాదు. నోటితోని అన్నా నోటీసే.

"మరి ఏమనాలె సార్ అడిగితే?"

"చూస్తున్న, చేస్తున్న అను. ఇంకో అరవై దినాలు గడవాలె."

ఇప్పుడే పెట్టుకుంటే నాకు రక్షణ, సర్వర్ బీ మునుగుతది. ఆగితే ఆమె నిలుస్తది. మధ్యల ఎవరికైనా రసీదు కనపడితే ఇద్దరం.

సాయంత్రం వచ్చినంక వీధి తలుపు బార్లా తెరిచి పెట్టిన.


అక్టోబర్ 15, బుధవారం

సర్వర్ బీ పిలిచింది. చూపించింది.

రసీదు లామినేషన్ చేయించింది. ముందరి అర్రల, క్యాలెండర్ పక్కన, గోడ మొలకు వేలాడుతున్నది. తలుపుల నిలబడ్డా చదవొచ్చు.

"ఖాలిద్ చేపిచ్చిండు బేటా, బస్టాండ్ కాడ. నలభై రూపాయలు. ఇగ సచ్చేదాక ఖరాబు గాదు."

ఖాలిద్ ఆమె కొడుకు, ఆటో నడుపుతడు. పక్కన నిలబడి మురిసిపోతున్నడు. "ఆటోల ఎక్కినోళ్లకు గుడ చెప్తున్న అన్నా. మా పక్కింటి సారు అసొంటోడు ఎవడున్నడని."

మంచిగున్నది అన్న. నీళ్లు అడిగి తాగిన.


అక్టోబర్ 17

గడువుకు యాభై ఆరు.


అక్టోబర్ 24, శుక్రవారం

పొద్దుగాల నుంచి కాంక్రీటు మిషను చప్పుడు. సర్వర్ బీ ఇంటికి రేకులు తీసి వెనక అర్రకు స్లాబు పోస్తున్నరు. ఆమె రోడ్డు మీద కుర్చీ వేసుకొని కూలోళ్లకు ఛాయ్ పోస్తున్నది.

"ఇరవై ఏండ్ల నుంచి వానొస్తె గిన్నెలు పెట్టినం బేటా. ఇగ పెట్టం. నీ పైసలే."

"నా పైసలు కావు చాచీ, నీవే."

లక్షా నలభై వేలు కాంక్రీటు అయినయి. రిసీవర్ అడిగితే ఏం తీసిస్తది?


అక్టోబర్ 28, మంగళవారం

ఇంట్ల లేదు అన్న. ఎప్పుడొస్తరు సార్ అని అడిగింది. తెలియదు అన్న.


నవంబర్ 4

ఖాలిద్ ఆటోకు పోతే స్లాబుకు నేనే నీళ్లు కొడుతున్న. పొద్దుగాల, మాపటీలి. కట్టు గట్టిపడేదాకా తడి ఆరరాదు.


నవంబర్ 9, ఆదివారం

పరశురాములు ఇంటికి వచ్చిండు. అరుగు మీద కూసున్నడు. తలుపు తెరిచే ఉన్నది, లోపలికి రమ్మన్న. ఛాయ్ ఇచ్చిన.

"తలుపు గిట్ల బార్ల తెర్సుకున్నవేంది టైపు సారూ? దొంగలస్తరు."

"ఏం తీసుకపోతరు?"

"అదీ నిజమే." నవ్విండు. గీత ఫోటో వైపు చూసి గొంతు తగ్గించిండు. "సూడు, నేను మంచిగనె అడుగుతున్న. ఇస్తవా, ఇయ్యవా? ఒక్క మాట చెప్పు. ఇయ్యను అంటె నేనేం గుంజుకపోను. నాకొక నిమ్మళం."

ఆ ఒక్క మాట నాలుక చివరన ఉన్నది. చెప్తే తేలికైతది. ఎవరన్నా ఆయనకు నేర్పి పంపిండ్రా? లేక మామూలుగ అడిగిండా? ముఖంల ఏమీ కనపడలేదు.

"చూస్తున్న అన్నా."

"ఏం సూస్తున్నవ్?"

"చేస్తున్న."

"ఏం జేస్తున్నవ్?"

ఛాయ్ చల్లారింది. ఇంకో కప్పు పెట్టిన.


నవంబర్ 16, ఆదివారం. సిరిసిల్ల

సౌమ్యను చూడక నెల దాటింది. డిగ్రీ రెండో ఏడు, అమ్మమ్మ చంద్రవ్వ ఇంట్ల ఉండి చదువుతున్నది. పోవాలంటే భయం. ఇల్లు విడిచి పోయిండు అంటరేమో. తలుపు మీద కాయితం అంటించిన. "సిరిసిల్లకు వెళ్లాను. సాయంత్రం ఏడు గంటలకు వస్తాను. శ్రీహరి." కింద ఫోన్ నంబరు. సాక్ష్యానికి దాని ఫోటో తీసుకున్న. వేములవాడల బస్సు మారేటప్పుడు పరశురాములుకు నేనే ఫోన్ చేసి చెప్పిన.

"నాకెందుకు చెప్తున్నవ్ సారూ? నేనేమన్న నీ పెండ్లామునా?" అన్నడు. వెంటనే ఫోన్ పెట్టేసిండు.

గీత పుస్తెలు జేబుల తీసుకపోయిన. రెండే పుస్తెలు, మూడు గ్రాములు. సౌమ్యకు ఇద్దామని. వకీలు మొన్న చెప్పిండు, ఆడమనిషి ధర్మం ప్రకారం మెడకెల్లి తీయరాని నగలు రిసీవర్ ముట్టడని. మనిషే లేకపోతే సార్ అని అడిగిన. ఆయన ఫైలు వెతుక్కున్నడు.

అత్త ఒకటే మాట. "బిడ్డకియ్యి అల్లుడా. తల్లిది బిడ్డకు పోతె ఎవలడుగుతరు?"

అడుగుతరు. అప్పుల మీద ఉండి ఇచ్చిన దానం రెండేండ్లు వెనక్కి పోయి రద్దు చేస్తరు. అదీ చదివిన. అత్తకు ఎట్ల చెప్పాలె?

సౌమ్య బస్టాండు దాకా వచ్చింది.

"బాపూ, ఐపీ పెడితె మనం దొంగలమా?"

"ఎవరన్నరు?"

"ఎవలో అన్నరు."

"చట్టం అట్ల అనదు."

"చట్టం సంగతి అడగలె. నువ్వేమంటవ్?"

బస్సు వచ్చింది. ఎక్కిన. పుస్తెలు జేబులనే ఉన్నయి.


నవంబర్ 25, మంగళవారం

ఇంట్ల లేదు అన్న.

గడువుకు పదిహేడు.


నవంబర్ 28, శుక్రవారం

సర్వర్ బీని ఆ కాయితం అడిగిన. ఒక అక్షరం తప్పు పడింది, సరిచేసి ఇస్త అన్న. అబద్ధం చెప్పడం వస్తలేదు నాకు.

"తప్పుంటే ఉండనియ్ బేటా. సదివెటోల్లకు అర్థమైతుంది గద."

"వేరేది మంచిగ కొట్టిస్త చాచీ."

"వద్దు. గీతమ్మ పేరుంది దాన్ల. నా ఇంట్ల ఆమె యాది గదొక్కటే." మొలకెల్లి తీసి కొంగుతోని తుడిచి మళ్ల తగిలించింది. "ఇది నీ ఇజ్జత్. నా గోడకున్నది. కాపాడుకుంట."

అన్నీ చెప్పేద్దామనుకున్న. చెప్తే నిద్ర పోదు. అవసరమైతే స్లాబు పగలగొట్టి ఇస్తనంటది. ఆమె అంటది.

ఖాలిద్‌కు చెప్పాలె. రేపు.


డిసెంబర్ 1

ఖాలిద్‌కు చెప్పలేదు. ఇంకా పదకొండు దినాలే. ఎవరు చూస్తరు ఆ అర్రల కాయితం.


డిసెంబర్ 5, శుక్రవారం

సాయంత్రం బస్సు దిగి వస్తుంటే సర్వర్ బీ గల్లీ చివర్నే ఎదురైంది. సంతోషంగ ఉన్నది.

"నీ పని జేసిన బేటా. పొద్దుగాల ఆ పరశురాములు మళ్ల నీ అరుగు మీద కూసున్నడు. నాకు కోపమచ్చింది. చెయ్యి వట్టి తోల్కపోయిన లోపటికి. సదువురా అన్న. బీదముసల్దానికి పైస పైస కట్టినోడు నీకు ఎగవెడ్తడా, సిగ్గు లేదా అన్న."

"చదివిండా?"

"మొత్తం సదివిండు. రెండుసార్లు. ఫోన్ల ఫోటో కొట్టుకున్నడు. ఇగ రాడు సూడు."

మంచి పని చేసినవు చాచీ అన్న.


డిసెంబర్ 6

పరశురాములు ఫోన్ చేయలేదు. అరుగు మీద లేడు.


డిసెంబర్ 8, సోమవారం

రాలేదు. కోర్టుల ఫైలింగు గుమస్తా పోచయ్య దగ్గరికి ఏదో పని పెట్టుకొని పోయిన. రిజిస్టరు చూసిన. నా పేరు లేదు.


డిసెంబర్ 9

రిజిస్టరుల లేదు.

మంగళవారం ఫోన్. ఇంట్ల లేదు అన్న. గొంతు ఎట్లనో ఉన్నది సార్ మీది, బాగున్నరా అని అడిగింది.


డిసెంబర్ 10

లేదు. అన్నం వండిన. తినలేదు.


డిసెంబర్ 11

లేదు. పోచయ్య అడిగిండు, "రోజూ వస్తున్నవేందన్నా, ఏమన్న లాటరీ తగలాల్నా?"


డిసెంబర్ 12, శుక్రవారం. జగిత్యాల

జరిగింది జరిగినట్టు రాస్త.

మధ్యాహ్నం రెండున్నరకు పరశురాములు వచ్చిండు. అదే స్టూలు గుంజుకున్నడు. జేబులకెల్లి మడత పెట్టిన కాయితాలు తీసి కీబోర్డు మీద పెట్టిండు. చేతిరాత. ఆయన వకీలుది. వకీలు పేరు నాకు కొత్త, మెట్‌పల్లి నుంచి వస్తడట.

"మా వకీలు మనిషి పెండ్లికి పోయిండట. పక్క సెంటరుకు పోదామనుకున్న. మల్ల అనుకున్న, మన టైపు సారు ఉండంగ మందికెందుకు పైసలు? పేజీకెంత?"

"ముప్పై."

"కొట్టు. తప్పు పోవద్దు. అయిదు లోపల ఇయ్యాలె."

విప్పి చూసిన. దివాళా పిటిషన్. పిటిషనరు పరశురాములు. ప్రతివాది నేను. నా తండ్రి పేరు, నా వయసు, నా ఇంటి నంబరు, వృత్తి డీటీపీ. నా రసీదు వాక్యం మొత్తం, కామాలతో సహా, మూడో పేజీల ఎత్తి రాసిండ్రు. సర్వర్ బీ పేరు. ఆమె ఇల్లు. "కొత్తగా స్లాబు నిర్మించుకున్నది."

కొట్టడం మొదలుపెట్టిన. వద్దనడానికి ఏ కారణం చెప్పాలె? వేరే సెంటరుల అరగంటల అయిపోతది.

మూడో పేజీల తేదీ వచ్చింది. చెల్లింపు జరిగిన రోజు. నేను 12-08-2025 అని కొట్టిన. కావాలని కొట్టిన. ఒక్క అంకె. ఆగస్టు అయితే గడువు నెల కింద దాటిపోయినట్టు, పిటిషన్ చెల్లదు. పరశురాములు అంకెలు చూడడు. ఎదురుగ ఎవరో తెలిసినతను పోతుంటే అటు చూస్తున్నడు.

ఆగస్టు పన్నెండుకు గీత పోయి పది రోజులు.

ఎనిమిది కొట్టేసి తొమ్మిది పెట్టిన. ఇరవై రెండేండ్లల కావాలని ఒక్క తప్పు కొట్టలేదు. ఈ చెయ్యి తప్పు కొడితే నాకు మిగిలేది ఏంది?

ఏడు పేజీలు. మూడున్నర దాటింది. ప్రింటు తీసిన. అలవాటు ప్రకారం చదివి వినిపించాలె, పార్టీ ఒప్పుకుంటనే సంతకం. నాది నేనే చదివిన. చివరి పేరాల, "సదరు చెల్లింపును రద్దుపరచి, వచ్చిన సొమ్మును రిసీవరు ద్వారా ప్రతివాది రుణదాతలందరికీ వారి వారి బాకీల నిష్పత్తిలో పంచవలసిందిగా" అని ఉన్నది.

"ఆగు" అన్నడు. "అందరికీ అంటె?"

"అందరికీ."

"మా వకీలు పైసలు వాపసు గుంజుదమన్నడు. ముసల్దాని లక్షా నలభై వేలు."

"గుంజుతరు. మీకు కాదు అన్నా. రిసీవరుకు. ఆయన అందరికీ పంచుతడు."

"నాకెంతస్తది?"

చెప్పకుండ ఉండొచ్చు. కాని అడిగిండు. ఖాళీ కాయితం తీసుకొని వేసి చూపించిన. నా అప్పులు పద్నాలుగు లక్షలు. సర్వర్ బీ దగ్గర గుంజితే ఆమె అప్పు మళ్ల లేస్తది, ఆమె గూడ లైనుల నిలబడతది. పదిహేను లక్షల నలభై వేలు. వచ్చేది లక్షా నలభై. పదకొండుల ఒక వంతు. రూపాయికి తొమ్మిది పైసలు.

"మీ మూడు లక్షలకు ఇరవై ఏడు వేల చిల్లర. రిసీవరు ఖర్చులు పోంగ ఇంకా తగ్గుతది. ఎక్కువ బ్యాంకుకు పోతది, వాళ్లది పెద్ద అప్పు."

ఆయన కాయితం తీసుకొని చాలాసేపు చూసిండు. పెదవులు కదులుతున్నయి.

"వకీలు ముప్పై వేలు మాట్లాడుకున్నడు" అన్నడు. "ముప్పై. పది వేలు ఇచ్చిన గుడ."

ఏడు పేజీలకు పిన్ను కొట్టిన.

"అంటె నేను ముప్పై వేలు పెట్టి, కోర్టు మెట్లెక్కి, గా ముసల్దాని ఇల్లు పీకి, బ్యాంకోనికి వసూలు చేసియ్యాల్నా? బ్యాంకోడు నాకేమన్న జీతమిస్తుండా?" స్టూలు మీదకెల్లి లేచిండు. మళ్ల కూసున్నడు. "నువ్వు అవద్దం చెప్తలేవు గద?"

"మీ వకీలుకు ఫోన్ చేసి అడుగండ్రి."

చేసిండు. దూరం పోయి మాట్లాడిండు. చెయ్యి ఊపుకుంట మాట్లాడుతున్నడు. నాకు ఒక్క మాట వినపడలేదు. గోడ గడియారంల నాలుగూ అయిదు. నాలుగూ పది.

వచ్చి ఏడు పేజీలు గుండ్రంగ చుట్టిండు.

"ఎంతయింది?"

"రెండు వందల పది."

"నా బాకీల కొట్టేస్కో." రెండడుగులు పోయి వెనక్కి తిరిగిండు. "నిన్ను ఇడిశిపెట్టిన అనుకోకు."

కోర్టు గేటు వైపు పోయిండు. బస్టాండు గూడ అటే.

నేను కదలలేదు. ఎవరో భూమి కాయితం తెచ్చిండ్రు, రేపు రమ్మన్న. నాలుగున్నరకు ఫైలింగు కౌంటరు కనపడే దగ్గర నిలబడ్డ. జనం మధ్యల ఆయన తెల్లంగి అనుకున్న, ఆయన కాదు. ఇంకొకటి, ఆయన కాదు. అయిదుకు పోచయ్య కిటికీ దించిండు. రిజిస్టరు చూస్త అన్న. విసుక్కున్నడు గని చూపించిండు. ఆఖరి నంబరు దాకా చూసిన.

లేదు.

మెట్ల మీద కూసున్న. ఇంటికి ఎట్ల వచ్చిననో గుర్తు లేదు.


డిసెంబర్ 13, శనివారం

నిన్న వేరే కోర్టుల వేసిండేమో. సిరిసిల్లల వేసిండేమో. వకీలును అడిగిన. నువ్వుండేది కోరుట్ల, సిరిసిల్లల ఎట్ల చెల్లుతది, పడుకో అన్నడు.


డిసెంబర్ 14

పడుకోలేదు.


డిసెంబర్ 15, సోమవారం. జగిత్యాల

నా ఐపీ నేనే కొట్టుకున్న. నూట పంతొమ్మిదోది. ఒక్కొక్క మాట చదువుకుంట కొట్టిన.

అప్పుల జాబితా. తర్వాత, ఈ మధ్య కాలంల చేసిన చెల్లింపులు. సర్వర్ బీ, లక్షా నలభై వేలు, 12-09-2025. దాయలేదు. రసీదు నకలు జత చేసిన. జడ్జి ఏమంటడో తెలియదు. మూడు నెలలు లెక్క పెట్టి వచ్చినవా అని అడిగితే అవునంట.

ఆస్తుల జాబితా. కంప్యూటరు, ప్రింటరు, స్కూటరు, ఫ్రిజ్. "పుస్తెలు రెండు, బంగారం, మూడు గ్రాములు."

కరుణాకర్ సారు అక్కడ వేలు పెట్టిండు. "ఇది రాయకు శ్రీహరీ. ఎవలికీ తెల్వదు."

"రాస్త సార్."

"రిసీవరు తీస్కపోతడు."

"తీసుకపోతే తీసుకపోనియ్యండ్రి. ఒకటి దాచిపెడితే మిగతావి గూడ నమ్మరు."

పది నిమిషాల తర్వాత పోచయ్య నంబరు వేసిండు. నా పేరు చూసి తలెత్తి నా దిక్కు చూసిండు. రోజూ ఎందుకు వచ్చిననో ఇప్పుడు అర్థమైనట్టున్నది. ముద్ర మెల్లగ వేసిండు.

సౌమ్యకు ఫోన్ చేసిన. ఆ రోజు బస్టాండుల అడిగినవు కద అన్న. దొంగలం కాదు బిడ్డా, ఇయ్యలేనోళ్లం. ఆ మాట మూడు నెలల నుంచి ఎవరితోని అనలేదు, ముందు నీకు చెప్తున్న అన్న. సరే బాపూ అన్నది. పుస్తెల సంగతి గూడ చెప్పిన. తిన్నవా అని అడిగింది.


డిసెంబర్ 16, మంగళవారం. కోరుట్ల

పొద్దుగాల సర్వర్ బీకి మొత్తం చెప్పిన. మొదటి నుంచి. ఆమె గోడ మీది కాయితం దిక్కు చూసింది, నా దిక్కు చూసింది. లేచి తీసేసింది. రెండు చేతులతో చింపబోయింది. లామినేషన్ చిరగదు. వంగుతది, మళ్ల లేస్తది.

"గిది నీ మెడకు ఉరి తెచ్చిందా బేటా? నేను మందికి సూపిచ్చుకుంట తిరిగిన్నా?"

"ఇప్పుడు ఏం కాదు చాచీ. గడువు దాటింది. ఉండనియ్యి."

ఆమె తగిలించలేదు. బియ్యం డబ్బాల అడుగుకు పెట్టింది. నేను పోయేదాకా ఆ డబ్బా మీద చెయ్యి తీయలేదు.

పదకొండుకు ఫోన్.

"గీత గారితో మాట్లాడవచ్చా సార్?"

"గీత చనిపోయింది. ఆగస్టు రెండున. కిస్తు నేను ఇయ్యలేను. ఐపీ పెట్టిన, నంబరు చెప్త, రాసుకోండ్రి."

అటు దిక్కు కీబోర్డు చప్పుడు ఆగింది. మళ్ల మొదలైంది. నంబరు చెప్పిన. రెండుసార్లు చదివి వినిపించింది. తప్పు లేదు.

"ఇంకేమైనా సహాయం కావాలా సార్?" అన్నది. అలవాటు మాట.

వద్దమ్మా అన్న.

వీధి తలుపు వేసిన. రెండు నెలలు తెరిచే ఉన్నందుకు గడియ బిగుసుకున్నది. గట్టిగ నూకవలసి వచ్చింది.